మాండూస్ వెనుక వచ్చిన చలి

చిత్తూరు నుంచి పలమనేరు వెళ్లే బస్సులో కిటికీ అద్దం మూయవలసిన చోటు ఒకటి ఉన్నది. మొగిలి ఘాట్‌లో మలుపులు మొదలైన కొద్దిసేపటికే, అంతదాకా ఒంటికి హాయిగా తగిలిన గాలి చెవులను పట్టుకుంటుంది. ఎరిగినవారు ఎవరూ చెప్పకుండానే అద్దాలు జరుపుతారు. స్త్రీలు పిల్లల తలలకు చున్నీలు చుడతారు. చిత్తూరు పట్టణం సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తున ఉంటే, ఘాట్ పైనున్న పీఠభూమి దానికి రెట్టింపు ఎత్తులో ఉన్నది. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు డిగ్రీలకు పైగా చల్లబడుతుందన్నది వాతావరణ శాస్త్రపు ఉజ్జాయింపు లెక్క. పలమనేరులో ఉత్తరంగా తిరిగి పుంగనూరు చేరేసరికి, నెల్లూరు ఉక్కపోతకు అలవాటుపడిన మాకు డిసెంబరు అంటే ఏమిటో తెలిసివచ్చింది.

అది 2022 డిసెంబరు 7, బుధవారం. మా మామూ కుమారుని నికాహ్ శుక్రవారం జుమా నమాజు తరువాత మదనపల్లెలో, పెళ్లికుమార్తె మహల్లా మస్జిదులో జరగవలసి ఉన్నది. వలీమా శనివారం మధ్యాహ్నం పుంగనూరులో, మామూ ఇంటి పక్క ఖాళీ స్థలంలో షామియానా కింద.

పుంగనూరు పేరు చెప్పగానే బయటివారు పొట్టి ఆవును తలుచుకుంటారు. మూడు అడుగుల ఎత్తు కూడా లేని ఆ ఆవును చూపించమని పిల్లలు దారి పొడుగునా అడిగారు. ఆ జాతిని కాపాడుతున్న పశు పరిశోధన కేంద్రం పలమనేరులో ఉన్నది, దానిని మేము దాటి వచ్చేశాము. పుంగనూరు చుట్టూ మాకు కనబడినవి కర్రలకు కట్టిన టమాటా మొక్కలు, మల్బరీ తోటలు, పంట కోసిన చేలలో గొర్రెల మందలు. రాత్రిపూట మందను చేలో నిలిపి ఎరువు కోసం కట్టించుకోవడం రాయలసీమలో పాత పద్ధతి. గొర్రెలు ఆరుబయట నిద్రపోతాయి, పక్కనే కాపరి గొంగడి కప్పుకొని పడుకుంటాడు. మామూ ఇంటి వెనుక చేలో ఆ వారం అటువంటి మంద ఒకటి దిగి ఉన్నది.

మేము చేరిన రోజు రాత్రే బంగాళాఖాతంలోని తీవ్ర వాయుగుండం తుపానుగా మారినట్లు భారత వాతావరణ శాఖ ప్రకటించింది. దానికి ‘మాండూస్’ అని పేరు. హిందూ మహాసముద్రపు ఉత్తర భాగంలో పుట్టే తుపానులకు 13 దేశాలు వంతులవారీగా పేర్లు ఇస్తాయి. ఈ పేరు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ఇచ్చినది. షార్జాలో పదేళ్లు పనిచేసి వచ్చిన మామూ పెద్దల్లుడు దాని అర్థం చెప్పాడు. అక్కడి పాత ఇళ్లలో ఇత్తడి మేకులు కొట్టిన చెక్కపెట్టె ఉంటుందట, పెళ్లికూతురి బట్టలు, నగలు అందులో పెట్టి పంపేవారట. దానినే మందూస్ అంటారు. “మన నానీమా సందూకు వంటిదే” అన్నాడు. పెళ్లి ఇంటికి తగిన పేరేనని అందరూ నవ్వారు.

నవ్వు తరువాత వాదం మొదలైంది. వలీమాను వాయిదా వేయాలా, చోటు మార్చాలా, ఏమీ చేయకుండా ఉండాలా? పెద్దవారొకరు గట్టిగానే అన్నారు: “వాన ఎప్పుడు కురుస్తుందో అల్లాహ్‌కు తప్ప ఎవరికీ తెలియదని ఖుర్ఆన్ చెబుతుంటే, ఫోను చూసి వలీమా మార్చుకుంటామా?” ఆయన ప్రస్తావించినది సూరె లుఖ్మాన్ చివరి ఆయతును. విశ్వాసపు మాటను ఎదిరించి మాట్లాడటానికి మాలో ఎవరికీ నోరు రాలేదు.

జవాబు చెప్పినది ఇషా నమాజు తరువాత ఇంటికి వచ్చిన మస్జిదు ఇమాం సాహెబు. అగోచర జ్ఞానం వేరు, కళ్లెదుట కనబడుతున్న సూచనను చదవడం వేరు అన్నారాయన. సముద్రం మీద మేఘం సుడి తిరుగుతున్నదని ఉపగ్రహం చూపుతున్నది. అది చూసినవాడు ‘రావచ్చు’ అంటున్నాడు గాని ‘వచ్చి తీరుతుంది’ అనటం లేదు. ఒంటెను కట్టివేయి, ఆపైన అల్లాహ్‌పై నమ్మకముంచు అన్న అర్థంలో దైవప్రవక్త (స) చేసిన ఉపదేశాన్ని ఆయన గుర్తుచేశారు. ఆకాశంలో మబ్బు కమ్మితే దైవప్రవక్త (స) ముఖం రంగు మారేదని, ఇంట్లోకి బయటికి తిరిగేవారని, వాన కురిసిన తరువాతే ఆ ఆందోళన తగ్గేదని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన సంగతి కూడా చెప్పారు. “మబ్బును చూసి కలత చెందడం ఈమాన్ లోపమైతే, ఆయన ఎందుకు కలత చెందుతారు?” అని అడిగారు.

మామూకు అంత వాదం అవసరం లేకపోయింది. అంతకు ఏడాది క్రితం, 2021 నవంబరు 19న చెన్నై, పుదుచ్చేరి మధ్య తీరం దాటినది పేరు కూడా పెట్టించుకోని వాయుగుండం. ఆనాటి వానలకే చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి దిగువ పల్లెలు కొట్టుకుపోయాయి. “పేరు లేనిదే అంత చేసింది” అని చెప్పి, ఆయన మరునాడే ఒక ఫంక్షన్ హాలు మాట్లాడారు. వంట పాత్రలు లోపలికి చేరాయి. బియ్యం బస్తాల కింద ఇటుకలు, పైన టార్పాలిన్. కరెంటు పోతుందేమోనని అత్యవసర దీపాలు, కొవ్వొత్తులు కొన్నాము. అన్నీ చేశామనే అనుకున్నాము.

గురువారం రాత్రికి మాండూస్ తీవ్ర తుపానుగా బలపడింది, శుక్రవారం మళ్లీ కొంత బలహీనపడింది. మదనపల్లెలో నికాహ్ ముసురులోనే జరిగింది. ఖర్జూరాలు పంచుతున్న వేళ మస్జిదు వసారాలో ఈదురుగాలి తెరలు తెరలుగా వీచింది. సాయంకాలానికి పుంగనూరు తిరిగి వచ్చాము. ఆ అర్ధరాత్రి తుపాను మహాబలిపురం దగ్గర తీరం దాటింది. అక్కడికి పుంగనూరు దాదాపు 200 కిలోమీటర్లు. మా ఇంటి మీదికి వచ్చినది గాలి, ఎడతెగని సన్నని వాన, చీకటి. కరెంటు పదింటికే పోయింది. దీపాలు ఉన్నాయి కాబట్టి ఎవరమూ దిగులుపడలేదు. శనివారం తెల్లవారేసరికి కప్పు ఎగరలేదు, గోడ కూలలేదు. “ఇంతేనా మాండూస్?” అన్నది మాలో ఒకరు కాదు.

ఫజ్ర్ వేళ నానీ ఆయాసంతో కూర్చొని ఉన్నారు. ఎనభై దాటిన మనిషి, చాలా ఏళ్లుగా ఉబ్బసం. తహజ్జుద్ కోసం లేచి, అలసి నిద్రపోతున్న కోడళ్లను లేపడం ఇష్టంలేక, పెరట్లోని తొట్టి నీళ్లతోనే వుజూ చేశారు. కరెంటు లేదు కనుక గీజరు లేదు. గీజరు ఉన్న ఇల్లు కనుక నీళ్లు కాచే పొయ్యి మూలపడి ఉన్నది. తడిసిన చీర చెంగుతోనే గంటసేపు ముసల్లాపై కూర్చున్నారు. ఉన్ని శాలువాలు, రజాయిలు ఆమె సందూకు అడుగున ఉన్నాయి. పైన పెళ్లి సామాను పేర్చి ఉండటంతో వాటిని ఎవరూ తీయలేదు. తుపాను కోసం కొన్న కొవ్వొత్తులను మేము లెక్కపెట్టుకున్నాము గాని, చలిని లెక్కలోకే తీసుకోలేదు.

ఆమెను కారులో మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోతుంటే ఆరోగ్యవరం మీదుగా ఆలోచన పోయింది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో క్రైస్తవ మిషన్లు కలిసి క్షయరోగుల కోసం అక్కడ సానిటోరియం కట్టాయి. డెన్మార్కుకు చెందిన డాక్టరు ఫ్రిమోట్ మోలర్ దానికి తొలి సారథి. ఊపిరితిత్తులు బాగుపడాలని దూరదూరాల నుంచి రోగులు ఈ పీఠభూమి గాలిని వెతుక్కుంటూ వచ్చారు. మా నానీకి ఆ ఉదయం అదే గాలి అందలేదు.

వెనుక చేలో ఏం జరిగిందో మధ్యాహ్నం తెలిసింది. కాపరి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. గొంగడి నుంచి నీరు కారుతున్నది. ఒక పెద్ద గొర్రె, ఏడు పిల్లలు పోయాయి. “వానకు సావలేదు సాయిబూ. ఈదురుకు సచ్చినాయి. తడిసిన ఒంటి మీద గాలి తోలింది. తెల్లార్లూ ఒకదాని మీద ఒకటి పడుకున్యాయి, అడుగున ఉండేవి లేయలా” అన్నాడు. మామూ ఇంటికి పెద్ద కొట్టం ఉన్నది. షామియానా గుంజలు, కుర్చీలు తడవకుండా ఆ కొట్టంలో పెట్టించినది మేమే. మందను లోపలికి తోలుకోమని ఒక్క మాట అనలేదు. కాపరి అడగలేదు, పెళ్లివారి ఇల్లు కదా అనుకున్నాడట.

ఆనాటి హెచ్చరికలో ఈ చలి ఎందుకు లేదని మేము తరువాత చాలాసార్లు చెప్పుకున్నాము. హెచ్చరికలో తప్పు లేదు. తుపాను గాలి గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. దాని వాయవ్యాన ఉన్న పుంగనూరుకు ఉత్తర దిశ గాలిని లాక్కొచ్చి పోస్తుంది. మబ్బు సూర్యుణ్ణి దాచడంతో పగలు కూడా వేడి ఎక్కదు, రాత్రికీ పగటికీ తేడా ఉండదు. అయితే వాతావరణ శాఖ మైదాన ప్రాంతంలో ‘శీతల పవనం’ అనాలన్నా, ‘శీతల దినం’ అనాలన్నా కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు, అంతకన్నా తక్కువ ఉండాలి. ముసురు పట్టిన రాత్రి అంత కిందికి దిగదు, మబ్బే దుప్పటిలా ఆపుతుంది. అందుచేత కాగితం మీద అది చలి కాదు. ఈ ప్రాంతపు ఉష్ణోగ్రతను కొలిచే కేంద్రం కూడా ఆరోగ్యవరంలోనే ఉన్నది. ఉష్ణమాపకాన్ని ఎక్కడైనా తెల్లరంగు చెక్కపెట్టెలో, వాన పడకుండా, గాలి నేరుగా కొట్టకుండా, మనిషి నడుముకు పైఎత్తున వేలాడదీస్తారు. కొలతకు అది న్యాయమే. గొర్రెపిల్ల ఆ పెట్టెలో లేదు, తడిసిన చెంగుతో కూర్చున్న ముసలావిడా లేదు. ఒళ్లు తడిసి, ఆపైన గాలి వీస్తే 18 డిగ్రీలైనా ప్రాణం తీయగలదు.

అసలు గడ్డకట్టించే చలి మబ్బు విడిచిన తరువాత వస్తుంది. నేల నానుతూ ఉంటుంది, ఆకాశం తేటపడుతుంది, పగటి వేడంతా రాత్రికి పైకి పోతుంది, తెల్లవారుజామున పొగమంచు. మేము పుంగనూరులో ఉన్న మిగతా వారం రోజులూ ఆ రెండో చలి కోసం సిద్ధపడటంతోనే గడిచింది. మూలపడిన పొయ్యి వెలిగింది, దాని మీద నీళ్ల కాగు ఎక్కింది. సందూకు ఖాళీ అయింది. మామూ కుంపటి తెచ్చి నానీ గదిలో పెడతామంటే ఇమాం సాహెబు వారించారు. నిద్రపోయే వేళ ఇంట్లో నిప్పు వదిలిపెట్టవద్దని దైవప్రవక్త (స) హెచ్చరించారు. మూసిన గదిలో బొగ్గు రాజుకుంటే వచ్చే విషవాయువుకు వాసన కూడా ఉండదు. కుంపటి వసారాలోనే ఉండిపోయింది.

ఆసుపత్రి నుంచి ఐదో రోజు ఇంటికి వచ్చిన నానీతో ఆయన తలుపు అవతల కూర్చొని చాలాసేపు మాట్లాడారు. జాతుస్సలాసిల్ దండయాత్రలో గడ్డకట్టే చలిరాత్రి స్నానం విధి అయినప్పుడు హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) ప్రాణభయంతో తయమ్ముమ్ చేసి నమాజు చేయించారు. ఆ సంగతి విన్న దైవప్రవక్త (స) నవ్వారే గాని తప్పుపట్టలేదు. చలీ వానా ఉన్న రాత్రి మీ మీ విడిదిల్లోనే నమాజు చేసుకోండని ముఅజ్జిన్ చేత ప్రకటింపజేసేవారని హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) చెప్పారు. వేడినీళ్లు దొరికే చోట వేడినీళ్లే, తోలు మేజోళ్లు ఉంటే వాటిపై మసహ్, జబ్బు ముదురుతుందన్న నిజమైన భయం ఉంటే ఆలిమ్‌ను అడిగి తయమ్ముమ్. నానీ అంతా విని, “కోడలిని లేపడం కన్నా చన్నీళ్లే తేలిక అనిపించింది, మౌల్వీ సాబ్” అన్నారు. లోపల మామీ కళ్లు తుడుచుకోవడం మేము చూశాము.

గొర్రెలకు మామూ డబ్బు ఇవ్వబోతే కాపరి సగమే తీసుకున్నాడు. మిగతా సగానికి వానాకాలంలో కొట్టం అడిగాడు.

రెండేళ్లకు, 2024 నవంబరు చివర, మళ్లీ పరీక్ష వచ్చింది. సౌదీ అరేబియా పేరు పెట్టిన ఫెంగల్. అది తుపానుగా మారకపోవచ్చునని ఒకరోజు అన్నారు, మరునాడే మారింది. 30వ తేదీ రాత్రి పుదుచ్చేరి దగ్గర తీరం దాటి అక్కడే చాలాసేపు కదలకుండా నిలిచి, ఆపైన లోపలికి నడిచి, కుప్పం సరిహద్దుకు అవతలి కృష్ణగిరి జిల్లా ఊత్తంగరైలో ఒక్క రోజులో దాదాపు 50 సెంటీమీటర్ల వాన కురిపించింది. నెల్లూరు నుంచి మేము పుంగనూరుకు ఫోను చేశాము. రజాయిలు దించామని, కాగు పొయ్యి మీద ఉన్నదని, మంద రెండు రాత్రులుగా కొట్టంలోనే ఉన్నదని మామూ చెప్పారు. ఫోను నానీ అందుకున్నారు. కొట్టం కంపు ఇల్లంతా పట్టిందట, పెరట్లోని గోరింటాకు చెట్టును మొదలుదాకా కొరికేశాయట. మనవరాలి పెళ్లికి ఇప్పుడు గోరింటాకు మేమే నెల్లూరు నుంచి తేవాలట.