రోబోట్ అంటే వెట్టివాడా అన్నా?



సెమిస్టర్ సెలవుల్లో మేం నలుగురం పాడేరు ఏజెన్సీలో ఒక ఆశ్రమ పాఠశాలకి వెళ్లాం. మేం చదువుకున్నదీ అలాంటి బడిలోనే. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకి రోబోట్ అంటే ఏంటో చూపిద్దామని, గీత వెంట నడిచే చిన్న బండి ఒకటి తయారుచేసి పట్టుకెళ్లాం. రెండు మోటార్లు, ఒక ఆర్డునో బోర్డు, రెండు ఐఆర్ సెన్సార్లు, బ్యాటరీ. మొత్తం సామాను 1,500 రూపాయల లోపే.

మొదటి పావుగంట ఘోరంగా ఫెయిలయ్యాం. "సెన్సార్ ఇన్‌పుట్ తీసుకుంటుంది, కంట్రోలర్ ప్రాసెస్ చేస్తుంది" అని మాకు కాలేజీలో చెప్పినట్టే చెప్పాం. పిల్లలంతా తలూపారు. అర్థమైందా అంటే "అయింది సార్" అన్నారు అందరూ ఒకేసారి. ఆ "అయింది సార్" మాకు బాగా తెలుసు. ఇంజినీరింగ్ మొదటి ఏడాదంతా మేమూ అదే అన్నాం. మాలో ఇద్దరికి బ్యాక్‌లాగులు మిగిలింది అందుకే.

బోర్డు తుడిచేసి మళ్లీ మొదలుపెట్టాం. "రాత్రి టార్చి లేకుండా కాలిబాటలో ఎలా నడుస్తారు?" అని అడిగాం. అందరూ ఒక్కసారే మాట్లాడారు. "ఎడమ కాలికి గడ్డి తగిలితే కుడిపక్కకి జరుగుతాం అన్నా!" సార్ పోయి అన్న వచ్చాడు.

రోబోట్ చేసేదీ అదే. చుట్టూ ఏముందో తెలుసుకోవాలి, ఏం చేయాలో తేల్చుకోవాలి, కదలాలి. గడ్డి తగిలినట్టు తెలియడం సెన్సార్ పని. అలా తెలిస్తే కుడికి జరగాలి అన్నది బోర్డులో మనం రాసిపెట్టే ప్రోగ్రామ్. జరగడం మోటార్ పని. "మరి బోరు మోటారు రోబోటేనా?" అన్నాడు ఒకడు. కాదు. స్విచ్ వేస్తే తిరుగుతుంది, ట్యాంకు నిండి పొర్లినా దానికి తెలీదు.

మా బండి కాళ్లతో తడమదు, ఐఆర్ వెలుగుతో తడుముతుంది. ఆ వెలుగు మన కంటికి కనపడదు. తెల్ల కాగితం మీద పడితే తిరిగొస్తుంది, నల్ల గీత మీద పడితే చాలావరకు రాదు. ఎడమ సెన్సార్‌కి వెలుగు తిరిగి రాలేదంటే గీత ఎడమకి ఉన్నట్టు. అప్పుడు ఎడమ చక్రం ఆగి, కుడి చక్రం తిరిగి, బండి ఎడమకి మళ్లుతుంది.

వరండాలో చార్టులు పరిచి, నల్ల టేపు అంటించి బండిని వదిలాం. బాగానే పోయింది గానీ, ఎండ పడినచోట పిచ్చిపట్టినట్టు గుండ్రంగా తిరిగింది. మేం వైర్లు పీకి చూస్తున్నాం. అప్పటిదాకా నోరు విప్పని ఏడో తరగతి చెల్లి ఒకామె అన్నం కంచం తెచ్చి బండికి నీడ పట్టింది. బండి మళ్లీ గీత మీదకొచ్చింది! ఎండలోనూ ఐఆర్ వెలుగు ఉంటుంది, దాంతో సెన్సార్ తికమకపడుతుంది. మేం చదివి మర్చిపోయింది ఆమె చూసి పట్టుకుంది. వాళ్లింట్లో మాట్లాడేది తెలుగు కాదని, అందుకే క్లాసులో మాట్లాడదని తర్వాత తెలిసింది.

ఇక చంద్రయాన్-3 కథ చెప్పాం. 2023 ఆగస్టు 27న ప్రజ్ఞాన్ రోవర్‌కి 3 మీటర్ల ముందు 4 మీటర్ల వెడల్పు గొయ్యి ఎదురైంది. ఇస్రో వాళ్లు వెనక్కి రమ్మని ఆదేశం పంపితే వేరే దారి పట్టింది.

చివర్లో పేరు సంగతి. రోబోట్ అనే మాట 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ రాసిన నాటకం నుంచి వచ్చింది. వాళ్ల భాషలో "రోబోట" అంటే దొర కోసం బలవంతంగా చేయాల్సిన చాకిరి. ఎనిమిదో తరగతి తమ్ముడు వెంటనే అన్నాడు: "అది వెట్టి కదా! రోబోట్ అంటే వెట్టివాడా అన్నా?"

మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. గూడెం కొండల్లో మనవాళ్లతో రోడ్డు పనులకి వెట్టి చేయించడం 1922 మన్యం పోరాటానికి ఒక కారణమని మనందరికీ తెలుసు. అయినా ఆ రెండు మాటలూ ఒకటేనని మాకెప్పుడూ తట్టలేదు. ఆ నాటకంలో రోబోట్లు తిరగబడతాయని చెబితే క్లాసంతా చప్పట్లు.

"మరి రోబోట్లొస్తే మా నాన్న కూలి పోదా?" అన్నాడు అదే తమ్ముడు. మా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. మనిషి మ్యాన్‌హోల్‌లో దిగి చనిపోకుండా కేరళ ఇంజినీర్లు బాండికూట్ అనే రోబోట్ చేశారని చెప్పాం. అలాంటి పని పోతే మంచిదే. కానీ మా అన్నలు గోడౌన్లలో పెట్టెలు మోసి పంపిన డబ్బుతోనే మేం చదువుతున్నాం. ఆ పని పోతే? రోబోట్‌ని ఎక్కడ పెట్టాలో తేల్చేది మనుషులే, ఆ తేల్చేవాళ్లలో మనమూ ఉండాలి అన్నాం. ఆ తమ్ముడికి అది సరిపోయిందో లేదో మరి.

బండిని అక్కడే వదిలి వచ్చాం. దాన్ని ఆ కంచం చెల్లి చేతికే ఇచ్చాం. ఈ గ్రూపులో ఈసీఈ, ట్రిపుల్ఈ చదివే అన్నలూ అక్కలూ, మీ దగ్గర పాత బోర్డులు, మోటార్లు ఉంటే పారేయకండి. మీరు చదివిన బడికి పట్టుకెళ్లండి. వాళ్ల భాష వస్తే ఆ భాషలోనే చెప్పండి.