నడిచే అమ్మమ్మకో కంచు విగ్రహం

ఈ ఢిల్లీ చలిలో అంత దూరంగా ఎందుకండీ, ఇలా జరిగి కూర్చోండి. ఒక విగ్రహం సంగతి చెప్పాలి.

సర్దార్ పటేల్ మార్గ్ మీద గ్యారహ్ మూర్తి చూశారు కదా? అటు వెళ్ళకపోయినా పాత 500 నోటు వెనక చూసే ఉంటారు. ముందు గాంధీ, వెనక పదిమంది. మెరీనా బీచిలో బండను కదిలించే నలుగురు శ్రామికులను మలిచిన దేవీప్రసాద్ రాయ్ చౌధురిదే ఇదీ. ఆ వెనక నడిచేవాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. నిజానికి 1930 మార్చి 12న సబర్మతి నుంచి గాంధీ వెంట బయల్దేరిన 78 మందిలో ఒక్క స్త్రీ లేదు. ఆయనే వద్దన్నాడు. శిల్పి మాత్రం వాళ్ళను నడిపించాడు. అదే న్యాయమంటాను నేను. ఆ ఏడాదే మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ మద్రాసులో ఉప్పు సత్యాగ్రహం చేసి జైలుకు వెళ్ళలేదూ!

నడిచే ఆడవాళ్ళ మాట వచ్చింది కాబట్టి, ఇప్పుడు అమెరికా బామ్మ ఎమ్మా గేట్‌వుడ్ సంగతి. 11 మంది పిల్లల తల్లి, 23 మంది మనవల బామ్మ. మొగుడి చేతిలో ఏళ్ళ తరబడి దెబ్బలు తిని, చివరికి విడాకులు తీసుకుంది. 1955లో, 67వ ఏట, కాన్వాసు బూట్లు తొడుక్కుని, తనే కుట్టుకున్న సంచి భుజాన వేసుకుని, వానకు అడ్డంగా బాత్‌రూము ప్లాస్టిక్ తెర పెట్టుకుని, అపలాచియన్ కొండదారి 3,200 కిలోమీటర్లకు పైగా ఒంటరిగా నడిచేసింది! తర్వాత ఇంకో రెండుసార్లు కూడా.

మనకు అలాంటి మనిషి లేదనుకునేరు. 1984లో ఎవరెస్టు ఎక్కిన బచేంద్రీ పాల్, 2022లో సరిగ్గా అదే 67వ ఏట, యాభై దాటిన ఆడవాళ్ళను వెంటబెట్టుకుని అరుణాచల్‌లోని పాంగ్సౌ కనుమ నుంచి కార్గిల్ దాకా హిమాలయాల వెంబడి నడిచింది. దాదాపు అయిదు నెలలు, 4,000 కిలోమీటర్లకు పైనే. మహిళా దినోత్సవం నాడు ఢిల్లీలోనే జెండా ఊపి పంపారు.

మరి ఢిల్లీలోనే ఆ నడకకు విగ్రహం ఎందుకు ఉండకూడదు? ఎత్తయిన దిమ్మె మాత్రం వద్దు. గుర్రమూ వద్దు, కత్తీ వద్దు. నేల మీదే, అడుగు ముందుకు పడుతూ, వీపున మూటతో, ముడతలు చెక్కు చెదరకుండా ఉండాలి. వయసు తగ్గించి మలిచారో, ఒప్పుకోను.

ఎక్కడంటారా? నా ఓటు లోధీ గార్డెన్‌కే. పొద్దున్నే స్వెటరు మీద చున్నీ బిగించి నడిచే అమ్మమ్మలు అక్కడ బోలెడుమంది. మీకు ఇంతకన్నా మంచి చోటు తోస్తే చెప్పండి, వాదించుకుందాం.