ఏం కడుతున్రు సాబ్?

మా తమ్ముడికి నిఖా కుదిరింది. రెండు గదుల ఇంట్లో అప్పటికే ఏడుగురం. ఉన్నది 70 గజాల జాగా. పక్కకు జరిగే వీల్లేదు కనక పైన ఒక గది వేయాల్సి వచ్చింది. గల్లీలో గది వేయాలంటే ఇటుక, సిమెంటు కంటే ముందు పక్కిళ్ళతో మాట కుదరాలి.

చట్టం సంగతి తేలికే. 75 గజాల్లోపు స్థలంలో, 7 మీటర్ల ఎత్తు వరకు ఇల్లు కట్టుకోవడానికి అనుమతి అక్కర్లేదనీ, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలనీ తెలంగాణలో 2020లో చట్టం వచ్చింది. కానీ ఆ రూపాయి రశీదు చూపించి పక్కింటి పెద్దమ్మ నోరు మూయించగలమా? ఇరవై ఏళ్ళు ఆటంకం లేకుండా కిటికీకి అందిన గాలి, వెలుతురు మీద ఆ ఇంటికి హక్కు పుడుతుందని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం చెబుతోంది. మా పెద్దలు ఏ చట్టమూ చదవకుండానే హంసాయే కా హఖ్ అనేవారు. పొరుగువాడి హక్కు.

అందుకే మేస్త్రీ రాకముందే నోటుబుక్కు కాగితం మీద గది గీసుకుని, టేపు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం.

పడమటింటి పద్మశాలి పెద్దమ్మ, "మీ గోడ లేస్తే నా తులసికోటకు పొద్దటెండ ఎట్లొస్తది బిడ్డా?" అంది. మేడ మీద గోడ లేవబోయే ఎత్తుకు కర్రలు నిలబెట్టి దుప్పటి కట్టాం. నీడ ఎక్కడ పడుతుందో ఆమె వాకిట్లోనే నిలబడి చూశాం. గదిని ఆరడుగులు తూర్పుకు జరిపాం. చలికాలం ఎండ ఇంకా వంగి వస్తుందని ఆమే గుర్తుచేసింది. ఇంకో రెండడుగులు వదిలాం.

వెనకింటాయన భయం వాన నీళ్ళది. గొట్టం మా వాకిట్లోకే దించి గల్లీ మోరీలో కలిపాం. ఉమ్మడి గోడకు అప్పటికే ఉన్న పగుళ్ళను ఇద్దరం కలిసి చూసి, బొగ్గుతో గీతలు పెట్టి తేదీ రాశాం. రేపు ఏ పగులు ఎవరివల్ల వచ్చిందన్న తగువుండదు.

అందరికంటే గట్టిగా అడ్డం చెప్పింది హిందువులు కాదు, ఉత్తరం వైపు ఖాలా. "మీ కిటికీ తెరిస్తే మా ఆంగన్ అంతా కనిపిస్తుంది. మా కోడళ్ళు ఎక్కడ కూర్చోవాలి?" అంది. ఆమె మాట కొత్తదేం కాదు. ఆటోమన్ తుర్కీలో 1869–76 మధ్య కూర్చిన మజల్లా అనే న్యాయసంహిత కూడా, ఆడవాళ్ళు మసలే వంటిల్లు, బావి, వాకిలి పొరుగింటి నుంచి కనిపించడాన్ని పెద్ద హానిగానే లెక్కగట్టింది. కిటికీ అంచు నేల నుంచి ఆరడుగులకు ఎత్తాం. గాలి వస్తుంది, చూపు పోదు.

ఎదురింటాయన దగ్గరే మా టేపు పనిచేయలేదు. "ఏం కడుతున్రు సాబ్? మదర్సానా?" అని నవ్వాడు. "బయటోళ్ళు ఎవరన్నా వచ్చి ఉంటరా?" అన్నప్పుడు మాత్రం నవ్వలేదు. మా అబ్బా కింది గది వేసినప్పుడు ఇదే గల్లీ ఇటుక ఎంత పడిందని అడిగింది. 1992 డిసెంబరు తర్వాత మేం ఏం కట్టినా అడిగే తీరు మారింది.

ఆ రాత్రి ఇంట్లో వాదన జరిగింది. "నిఖా కార్డు చూపిస్తే పోతుంది కదా, గొడవెందుకు?" అంది అమ్మీ. "ఇవాళ కార్డు చూపిస్తే రేపు వచ్చే చుట్టాల పేర్లు అడుగుతారు" అన్నాడు తమ్ముడు. ఇద్దరి మాటా నిజమే. అమ్మీది ఈ గల్లీలో బతుకు వెళ్ళదీసిన భయం. తమ్ముడిది ఇంకా బతకాల్సినవాడి రోషం.

చివరికి మేం చేసింది ఇదీ. అందరికీ చూపిన కాగితమే ఆయనకూ చూపాం, ఇంకేమీ చూపలేదు. ఆయన చిన్నమనవరాలికి ఉబ్బసం ఉందని మాటల్లో తెలిసింది. ఇసుక తడిపించాం, గోనెపట్టాలు కట్టించాం, సిమెంటు కలిపేది ఇంటి వెనక్కు మార్చాం. మదర్సా మాటకు మాత్రం జవాబివ్వలేదు.

ఎండ, నీళ్ళు, పర్దా, దుమ్ము... వీటి గురించి ఎవరు ఏ వేళ పిలిచినా టేపు పట్టుకుని వస్తాం. అవి పొరుగువాడి హక్కులు. మా గదిలో ఉండేది మేమేనని రుజువు చూపమంటే మాత్రం చూపం. అది ఏ పొరుగువాడి హక్కూ కాదు.