సోచిమిల్కోలో ఒక మేతశాల

మెక్సికో నగరమునకు దక్షిణపు కొసను, ఒకనాటి విశాలసరోవరము క్రమముగా ఎండి కాలువలుగా మాత్రమే మిగిలినచోట, సోచిమిల్కో అను ప్రాంతమున్నది. ఆ కాలువల నడుమ బురదను, నీటిమొక్కలను పేర్చి పూర్వులు నిర్మించిన చినాంపలను సేద్యపు దిబ్బలపై నేటికిని కూరలు, పూలు పండుచున్నవి. ఆక్సలాటిల్ అను ఉభయచరమునకు స్వతస్సిద్ధమైన నివాసము లోకమున నేడిది యొక్కటియే. 1998లో చదరపు కిలోమీటరునకు సుమారు 6,000గా లెక్కకు వచ్చిన ఆ ప్రాణులు 2014 నాటికి 36కు దిగజారినవి. తెచ్చి వదలిన తిలాపియా, కార్పు చేపలును, నగరపు మురుగునీరును ఇందుకు ప్రధానకారణములు. 1864లో పారిస్‌కు పంపబడిన 34 ప్రాణుల సంతతి మాత్రము దేశదేశముల ప్రయోగశాలలలోను, ఇండ్లలోని గాజుతొట్టెలలోను వర్ధిల్లుచున్నది.

నేను చూడబోయినది అనుమతి పొంది వీనిని పెంచుచున్న ఒక చిన్న శాల. పడవ దిగినంతనే ఆ వింతప్రాణి దర్శనమగునని ఆశించితిని గాని, శాలను నడపు ప్రౌఢవనిత మమ్ము మొదట మేత పెంచు గదిలోనికి తోడ్కొనిపోయెను. శాలలో సగమునకు మించినచోటు మేతదే!

తలక్రిందుగా నిలిపిన సీసాలలో ఉప్పునీరు ఎడతెగక బుడగలెత్తుచుండెను. అందు వేసిన ఆర్టీమియా గుడ్లు ఇంచుమించు ఒక్క దినములో పగిలి, నారింజవన్నె నలుసులవంటి జీవములగును. కోస్తా ఆంధ్రమున రొయ్యల హేచరీలను చూచినవారికి ఈ సీసాలును, ఆ గుడ్ల డబ్బాలును చిరపరిచితములే. గాలి నాపినచో పెంకులు పైకి తేలును, పిల్లలు అడుగున చేరును. వానిని సన్నని గుడ్డలో వడగట్టి, మంచినీట కడిగిన పిదప గాని పెట్టరాదు. గుడ్డు వెడలిన ఆక్సలాటిల్ పిల్ల రెండు మూడు దినములు పొట్టలో మిగిలిన సొనతో గడపి, అటుపిమ్మట కదలెడి దానినే ఆహారముగా గుర్తించును; కదలనిది ఎంత పుష్టికరమైనను దానికి లేనట్లే. ఆకలిగొన్నచో ప్రక్కనున్న తోబుట్టువు కాలును కదలెడి వస్తువే కదా! తెగిన కాలు మరల మొలచుట శాస్త్రజ్ఞులకు విస్మయహేతువు. ఈమెకు మాత్రము మేత చాలలేదని పిల్లలు చేసిన ఫిర్యాదు.

ఆర్టీమియా మంచినీట కొన్ని గంటలలో చచ్చి తొట్టెను కుళ్ళజేయును గనుక, పిల్లలు కొంచెము ఎదిగినంతనే డాఫ్నియాను అందింతురు. పాచితో పచ్చబడిన నీటిలో ఎగిరెగిరిపడు ఈ జీవములు తినబడువరకు బ్రతికియే యుండును. చవుకగా దొరకు ట్యూబిఫెక్స్ పురుగులను ఆమె దరిజేరనీయదు; మురుగుబురదలో పెరిగినది రోగమును వెంటదెచ్చునని ఆమె వాదము.

పెద్దవానికి వానపాములే ప్రధానము. వారమునకు రెండు మూడు మారులు పెట్టిన చాలును. అందును భేదము కలదు. ఎరువుకుప్పలలో పెరుగు సన్నని ఎర్రవానపాము నొకదానిని ఆమె నా యెదుటనే నీటిలో వదలెను. చప్పున నోరు తెరచి, నీటితో కూడ దానిని లోనికి లాగికొన్న ఆ ప్రాణి, మరుక్షణమే ఆముదము పుచ్చుకొన్న పసివానివలె బయటికి ఉమిసివేసెను. ఆ జాతి తన దేహమునుండి చేదైన పసుపురసము నొకటి స్రవించునట. నేలను లోతుగా త్రవ్వి తీసిన లావుపాటి వానపామును మాత్రము ఆ ప్రాణియే సంకోచము లేక మ్రింగెను. పురుగుమందు చల్లిన పొలమునుండి వీనిని తేరాదు. చిన్న బంగారుచేపలను వేయుదురు గదా యని నేనడుగగా, వాని మాంసములో విటమిన్ బి1ను నశింపజేయు పదార్థము కలదనియు, పరాన్నజీవుల బెడదయు తప్పదనియు ఆమె వివరించెను. చేపలే ఈ కాలువలలోని జాతిని మ్రింగినవన్న కోపమును ఆ మాటలలో కొంత వినబడినది.

మేము వెడలు వేళకు ఒక యువదంపతులు పిల్లను కొనవచ్చిరి. ఆమె ధరమాట ఎత్తక, ఇంట వానపాముల తొట్టె ఉన్నదా యని ప్రశ్నించెను. లేదనగా, మట్టి నింపిన చిన్నతొట్టెలో గుప్పెడు వానపాములను వేసి వారి చేతికిచ్చి, ఇవి పెంపొందిన పిదప రండని పంపివేసెను.