వాగుకి అవతలి గట్టు

మా అమ్మాయి కాపురం జర్మనీలో. నేను వెళ్ళినప్పుడు, "కోటలూ చర్చీలూ చాలుగానీ, ఇవాళ నీకో పల్లెటూరు చూపిస్తానమ్మా" అని కారెక్కించింది.

ఊరి పేరు మోడ్లారాయిట్. ఆ పేరు నా నోరు తిరగడానికి రెండు రోజులు పట్టింది గాని, ఊరు చూడ్డానికి రెండు గంటలు చాలు. యాభైమందికి అటూ ఇటూగా జనం. చుట్టూ పొలాలు, ఓ చెరువు, ఊరి మధ్యన టాన్‌బాఖ్ అనే వాగు. వాగంటే గోదావరి పాయేమీ కాదండోయ్! కుచ్చెళ్ళు కాస్త ఎత్తిపట్టుకుంటే నాలాంటిది కూడా ఒక్క అంగలో దాటేస్తుంది.

ఆ వాగే సరిహద్దు. ఇటు బవేరియా రాజ్యం, అటు రాయిస్ సంస్థానం అని 1810లో రాళ్ళు పాతారట. పాతితేనేం? పిల్లలంతా ఒకే బడికి వెళ్ళేవారు. చర్చి కోసం అటువాళ్ళు ఇటు వచ్చేవారు, బీరు కోసం ఇటువాళ్ళు అటు వెళ్ళేవారు.

యుద్ధం అయ్యాక 1949లో రెండు జర్మనీలు ఏర్పడ్డాయి. ఊరు రెండు దేశాలయింది! 1952లో చెక్క కంచె, ఆ తర్వాత ముళ్ళతీగ, 1966లో ఏకంగా ఏడువందల మీటర్ల కాంక్రీటు గోడ. గుప్పెడు ఇళ్ళ ఊరికి అంత గోడ! అమెరికా సైనికులు 'చిట్టి బెర్లిన్' అని పేరు పెట్టారు.

"ఇటువాళ్ళు చెయ్యి ఊపినా అటువాళ్ళు తిరిగి ఊపకూడదమ్మా. పలకరించడం కూడా నిషేధమే" అంది అమ్మాయి.

నేను గతుక్కుమన్నాను. మా పెరట్లోనూ ఓ గోడ ఉంది. పంపకాల్లో మాటామాటా వచ్చి కట్టించుకున్నది. తులసికోటకి నీళ్ళు పోస్తూంటే గోడమీంచి మా తోటికోడలు తల కనిపిస్తుంది. ఆరేళ్ళుగా మొహం తిప్పుకుంటున్నాను. మా పెరట్లో తుపాకీ పట్టిన కాపలావాడెవడూ లేడు మరి!

బెర్లిన్ గోడ 1989 నవంబరు 9న తెరుచుకుంది. ఈ ఊరివాళ్ళు ఇంకో నెల ఆగాల్సి వచ్చింది. డిసెంబరు 9న దారి ఇచ్చారు. 1990 జూన్‌లో గోడని చాలావరకు యంత్రంతో కూల్చేశారు. కొంత ముక్కనీ, కాపలా బురుజునీ మ్యూజియంగా ఉంచుకున్నారు. ఇప్పటికీ ఊరు రెండు రాష్ట్రాల్లోనే ఉంది. ఇద్దరు మేయర్లు, రెండు పిన్‌కోడ్లు. ఇటు 'గ్రూస్ గాట్' అంటారు, అటు 'గూటెన్ టాగ్' అంటారు. పలకరింపులు వేరైతేనేం, పలకరించుకుంటున్నారు కదా!

ఇంటికి రాగానే గోడ కొట్టించేశానని కోతలు కొయ్యను. మర్నాడు పొద్దున్న తులసికోట దగ్గర నించుని, "అక్కయ్యా, కాఫీ అయిందా?" అన్నాను.

అవతల చెంబు చప్పుడు ఆగింది. కాసేపు పలుకు లేదు.

"ఎప్పుడొచ్చావే? అలా చిక్కిపోయావేమిటి?" అంది.