గని సినిమా, మా నాయిన పత్తి బండి



మొంథా తుపాను పోయినంక మనం ఏ ఇద్దరం కలిసినా ఒకటే ముచ్చట. నీ పత్తి తేమ ఎంత వచ్చింది? 8 శాతం లోపు ఉంటే సీసీఐ వాళ్లు మద్దతు ధర మొత్తం ఇస్తరు, ఆపైన ఒక్కొక్క శాతానికి కోస్తరు, 12 దాటితే బండి వాపస్. వాకిట్ల, దాబా మీద, రోడ్ల మీద ఎండబోసుకొని కూసున్నం అందరం. పోయిన పోస్టుల గులాబి పురుగు గురించి అడిగినోళ్లకు జవాబులు బాకీ ఉన్న, అవి రెండు రోజులల్ల రాస్త. ఇయ్యాల తడి పత్తి గురించే రాస్త గని, మీరనుకున్న తీరుగ కాదు. ముందుగాల ఒక సినిమా సంగతి చెప్పాలె. ఓపిక పట్టి చదువుండ్రి.

సినిమా పేరు గని. 2022 ఏప్రిల్ 8న వచ్చింది. వరుణ్ తేజ్ హీరో, కిరణ్ కొర్రపాటి డైరెక్టర్. బాక్సింగ్ సినిమా. టాకీసులల్ల ఆడలేదు, చాలామంది పేరు కూడా మర్చిపోయి ఉంటరు. మేము ఇంట్లనే ఆహాల చూసినం.

ఆ ఎండాకాలం మీకు యాదుంటది. మిర్చికి నల్ల తామర పురుగు వచ్చిన ఏడు. పూతల పురుగు గుంపులు గుంపులుగ కూసుంటే ఏ మందు కొట్టినా సావలే. వరంగల్, మానుకోట, ఖమ్మం అంతట అదే గతి. నేను ఎకరంనర పెట్టిన. కాయ లేదు, ఏరిపిస్తే కూలి కూడా ఎల్లదని నడిమిట్లనే దున్నేసిన. పిలగాడు హైదరాబాద్ ల నౌకరీ చేస్తడు, నేను మంచం దిగుతలేనని వాళ్లమ్మ ఫోన్ చేస్తే వచ్చిండు. వచ్చినోడు ఓదార్చుడు రాక, "నాయినా, సినిమా పెడ్త, లేచి కూసో" అన్నడు. గట్ల చూసినం.

కథ ఏందంటే, గని తండ్రి బాక్సర్. కన్నడపోళ్ల హీరో ఉపేంద్ర ఆ వేషం వేసిండు. పెద్ద పోటీల మందు తీసుకొని దొరికిండని, మోసగాడని ఆయన మీద మచ్చ పడ్తది. తల్లి నదియా. కొడుకు చిన్నగ ఉన్నప్పుడే, జీవితంల బాక్సింగ్ జోలికి పోనని మాట తీసుకుంటది. వాడు మాట ఇస్తడు, ఇచ్చి దొంగతనంగ ఆడుతనే ఉంటడు. తండ్రి అంటే వానికి కోపం. ఆ మచ్చ తుడవాలంటే నేను చాంపియన్ కావాలె అనుకుంటడు. సగం సినిమా అయినంక అసలు ముచ్చట బయటపడ్తది. తండ్రి తప్పు చెయ్యలేదు, కుట్ర చేసి ఇరికించిండ్రు. జగపతిబాబు ఆట ఏందో అప్పుడు తెలుస్తది.

సినిమాల లోపాలు లేవని అంటలేను. బెట్టింగులు, కంపెనీలు అని రెండో సగం సాగదీసిండ్రు. నడిమిట్ల తమన్నా పాట ఎందుకో వాళ్లకే ఎరుక. గని రెండు కాడ మాత్రం నాకు ఊపిరి ఆడలేదు. ఒకటి, తల్లి మాట తీసుకునేటప్పుడు. ఆమె మొఖంల కొడుకుకు దెబ్బలు తాకుతయన్న భయం కంటె, నలుగురి నోట్ల మళ్ల ఆ పేరు వినవడుతదన్న సిగ్గు ఎక్కువ కనవడ్డది నాకు. రెండోది, తండ్రి తప్పు లేదని కొడుకుకు తెలిసినప్పుడు. ఇన్నేండ్లు ఎవలినైతే తిట్టుకున్నడో ఆయనే నిర్దోషి. కాళ్లు పట్టుకుందామంటే మనిషి లేడు.

అక్కడికి రాంగనే నేను లేచి, బర్రెకు గడ్డి వేసొస్త అని కొట్టంలకు పోయిన. గడ్డి అప్పటికే ఏసి ఉన్నది.

తండ్రీ కొడుకులు, కొట్లాట ఆట అంటే మన తెలుగోళ్లకు ముందు యాదికొచ్చేది అమ్మా నాన్న ఓ తమిళమ్మాయి. 2003ల వచ్చింది, పూరి జగన్నాథ్ ది, రవితేజ హీరో. హన్మకొండల చూసిన నేను. పాటలు మన చక్రివి, కంబాలపల్లి బిడ్డ, మానుకోట పక్కన. పాపం చిన్న వయసులనే 2014ల పోయిండు. తమాషా ఏందంటే, ఆ సినిమాను తర్వాత ఏడు తమిళంల తీసినప్పుడు తల్లి వేషం వేసింది ఈ నదియానే. అండ్ల తండ్రి ప్రకాశ్ రాజ్, కిక్ బాక్సింగ్ ల పేరున్నోడు, భార్యను కొడుకును ఇడిసిపెట్టి పోతడు. తల్లి సచ్చిపోయినంక కొడుకు ఆయన్ని ఎతుక్కుంట విశాఖపట్నం పోతడు. మంచి సినిమా, నవ్విన, ఒక కాడ కండ్లల్ల నీళ్లు కూడా పెట్టుకున్న. ఇంటికొచ్చి కమ్మగ నిద్రపోయిన. అప్పటికి మా నాయిన పోయి అయిదేండ్లు. అయినా నన్ను పట్టలేదు. ఎందుకంటే అండ్ల తప్పు తండ్రిది, క్షమించాల్సింది కొడుకు. గనిల తండ్రిది తప్పు లేదు. అదీ నన్ను పట్టుకున్నది.

నిజం బాక్సర్లు మన నిజామాబాద్ ల ఉన్నరు. హుసాముద్దీన్ అనే పిలగాడు 2018ల, 2022ల రెండుసార్లు కామన్వెల్త్ ఆటలల్ల కంచు పతకం తెచ్చిండు, 2023ల తాష్కెంట్ ల ప్రపంచ పోటీలల్ల కూడా తెచ్చిండు. ఆ పిలగానికి ఆట నేర్పింది కన్నతండ్రి సంసముద్దీనే. నిఖత్ జరీన్ కూడా మొదట ఆయన చేతి కిందనే నేర్చుకున్నది. మేము గని చూసిన ఎండాకాలంలనే, మే 19 నాడు, ఇస్తాంబుల్ ల ఆమె ప్రపంచ చాంపియన్ అయ్యింది. ఆమెను ఆటకు పెట్టింది వాళ్ల నాయిన జమీల్ అహ్మద్, ఆయన కూడా ఆటగాడే. టీవీల ఆ తండ్రుల మొఖాలు చూస్తుంటే, పిల్లలకు వీళ్లు ఎంత మంచి పేరు ఇచ్చి పోతున్నరో అనిపించింది. మా ఇంట్ల ఇచ్చిన పేరు వేరే.

మా ఊరోళ్లు ఈ పేజీల చానమంది ఉన్నరు. మా ఇంటోళ్లను ఊర్లె ఏమంటరో వాళ్లకెరుక. నీళ్ల పత్తోళ్లు. అసలు ఇంటిపేరు రేషన్ కార్డుల తప్ప ఎవలికీ అక్కెరలేదు. ఆ పేరు ఎట్ల వచ్చిందంటే, మా నాయిన పత్తికి నీళ్లు కొట్టి మార్కెట్ల దొరికిండని.

1989 డిసెంబరు. నాకు పద్దెనిమిదేండ్లు, ఇంటర్ అయిపోయి ఇంటికాడ ఉన్న. ఎడ్ల బండి మీద తొమ్మిది బోరాలు ఏసుకొని పొద్దుగూకంగ ఎల్లినం, నడిజామున మార్కెట్ బయట బండ్ల లైన్ల ఆగినం. ఆ ఏడు అప్పు ఎక్కువ ఉన్నది, అక్క పెండ్లిది. నాయిన ఎడ్లకు నీళ్లు తాపి, బండి కింద గొంగడి కప్పుకొని పండుకున్నడు. పక్క బండి మనిషి, ఏ ఊరోడో తెల్వదు, బీడి ముట్టించుకుంట నాతోని అన్నడు, "పిలగా, గిట్లనే తీస్కపోతరా? బోరెంకు రెండు మూడు కిలోలు కలుస్తది. అందరు చేసేదే."

ఎడ్లకు తాపంగ బకెట్ల సగం నీళ్లు మిగిలినయి. ఇంటికాంచి తెచ్చిన ఇత్తడి చెంబు ఉన్నది. నేను నాలుగు బోరాల మూతి కుట్లు ఇప్పి, లోపటికి చెయ్యి పెట్టి సందు చేసి, చెంబుతోని నీళ్లు చిలకరించిన. మళ్ల కుట్టిన. గంట పట్టింది. చలికి చేతులు కొంకర్లు పోయినయి గని లోపట ఖుషీ. నాయిన అప్పుకు నేను కూడా ఏదో చేసిన అని.

తెల్లారి ఖరీదుదారు వచ్చిండు. ఆ రోజులల్ల తేమ మిషను లేదు, వాళ్ల చెయ్యే మిషను. మూడో బోరెంల చెయ్యి పెట్టి ఇంత పత్తి గుంజి, పిసికి, చెంపకు ఆనిచ్చుకున్నడు. ఎండు పత్తి చెంపకు ఎచ్చగ తాకుతది, తడిది సల్లగ తాకుతది, మీకు చెప్పేటిదేమున్నది. గుంజిన పత్తి కింద పారేసి అడ్తిదారును పిలిచిండు. ఆయన వచ్చి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. నలభై యాభై మంది గుమిగూడిండ్రు, అండ్ల మా ఊరి బండ్లు రెండు.

నాయినకు మొదట సమజ్ కాలేదు. "మంచు వడ్డదేమో సేటూ" అన్నడు. అందరు నవ్విండ్రు. మంచు బోరెం లోపటికి ఎట్ల పోతదని. అప్పుడు తన చెయ్యి తాను బోరెంల పెట్టిండు. బయటికి తీసి చూసుకున్నడు. తర్వాత బండి కాడి వైపు చూసిండు. చెంబు నేను తగిలేసిన కాడ్నే ఉన్నది, తడి ఆరలేదు. తర్వాత నా దిక్కు చూసిండు. చూసి మళ్లిండు. రెండు చేతులు జోడించి, "తప్పైంది సేటూ, కడుపు కాలి చేసిన" అన్నడు.

నేను ఎడ్ల పగ్గం పట్టుకొని నిలబడ్డ. నోరు ఇప్పలేదు.

తడి లేని అయిదు బోరాలకు కూడా కలిపి క్వింటాలుకు వంద రూపాయలు కోసిండ్రు. వాపస్ వచ్చేటప్పుడు తోవల హోటల్ కాడ ఆపి నాకు మిర్చి బజ్జీలు ఇప్పిచ్చిండు. తాను తినలేదు. ఒక్క మాట అనలేదు, కోపంగ చూడను కూడా చూడలేదు. కొట్టినా బాగుండు. మేము ఊరు చేరకముందే ముచ్చట ఊరు చేరింది. ఆ తర్వాత ఆయన మళ్ల ఆ మార్కెట్ కు పోలేదు. ప్రతి ఏడు ఊర్లెకు వచ్చే బేరగానికే తక్కువ ధరకు అమ్మిండు. ఒకసారి మా చిన్నాయన పరాష్కంగ నీళ్ల పత్తి అంటే, "అవు, బండి నాది, పత్తి నాది" అన్నడు గంతే. లద్దె పురుగు పత్తిని నాశనం చేసి జిల్లాల ఎందరో రైతులు పానాలు తీసుకున్న కాలం, 1998ల, జ్వరంతోటి పోయిండు. దవాఖానల ఆఖరి మూడు రోజులు నేనే దగ్గరున్న. చెప్పాలె చెప్పాలె అనుకుంటనే ఉన్న. గొంతు దాక వచ్చి ఆగింది.

ఆ సినిమాల తండ్రికి చేసిన పరీక్ష గురించి ఆలోచిస్త అప్పుడప్పుడు. ఒంట్లె మందు ఉన్నదా లేదా అంతవరకే పరీక్ష చెప్తది. ఎవలు కలిపిండ్రో చెప్పది. మన తేమ మిషను కూడా గంతే. ఆనాడు మిషను ఉన్నా మా పత్తి తడిదే అనేది. గనికి విలన్ దొరికిండు, రింగుల దిగి కొట్టిండు, చప్పట్లు పడ్డయి. నేను ఎవల్ని కొట్టాలె?

పిలగాడు కొట్టంలకు వచ్చిండు. గడ్డి ఉన్న బర్రెకు గడ్డి ఏస్తున్న నన్ను చూసి, "తాత సంగతా?" అన్నడు. వానికి కూడా ఆ పేరు తాకింది మరి. ఆరో తరగతిల ఆ పేరు మీదనే కొట్లాడి పలక్కొట్టిన పెదవితోని ఇంటికొచ్చిండు. నేను మొత్తం చెప్పిన. ముప్ఫై మూడేండ్లకు మొదటిసారి. వాడు ఏం అనలేదు, రెండు రోజులు నాతోని సరిగ మాట్లాడలేదు. బస్సు కాడ మాత్రం అడిగిండు.

"తాతకు ఎరుకేనా?"

"ఎరుకే బిడ్డా. చెంబు చూసిండు."

బస్సు వచ్చింది, ఎక్కిపోయిండు.

వాడు పది పాసైనప్పుడు నేను కూడా గని తల్లి లెక్క ఒట్టు పెట్టించుకున్న. బాయికాడ, మోటరు పక్కన, నా నెత్తి మీద చెయ్యి పెట్టిచ్చి, వ్యవసాయం చెయ్యనని. అందరితోని చెప్పుకున్న, నష్టాలు చూసి కొడుకును తప్పించిన అని. మీల కూడా చానమంది అదే చేసి ఉంటరు, మీది నిజంగ నష్టాల భయమే కావొచ్చు. పోయిన దసరాకు వాడు ఫోన్ల అడిగిండు, "నాయినా, నిజం చెప్పు. ఆ ఒట్టు నష్టానికా, చెంబుకా?" నాకు జవాబు రాలేదు. కొడుకు బండి తోలుకొని మార్కెట్ కు పోతే నీళ్ల పత్తోళ్ల పిలగాడు వచ్చిండు అంటరని భయపడ్డ. ఆ భయం వాని మీద ప్రేమ అని నాకు నేనే చెప్పుకున్న.

ఇప్పుడు వాడు రెండు రోజులు లీవు పెట్టి వస్తున్నడు. కపాస్ కిసాన్ యాప్ ల స్లాటు వాడే బుక్ చేసిండు. ట్రాలీ మాట్లాడిన. పత్తి నాలుగు ఎండలు ఎండింది, మిషను ఎంత చూపిస్తదో అంత.

వాడొచ్చేలోపు ఇది రాయాలనుకున్న. మా ఊరి పెద్దమనుషులు, నాయిన ఈడోళ్లు నలుగురైదుగురు ఇంకా ఉన్నరు, వాళ్లకు ఫోన్లు లేవు. వాళ్ల పిల్లలు ఇది చదివి వినిపియ్యుండ్రి. ఆ దినం మార్కెట్ల ఉన్న మా ఊరి రెండు బండ్లోళ్ల ఇండ్లల్ల కూడా చెప్పుండ్రి. నీళ్లు కొట్టింది ఆయన కాదు, నేను. ఆ పేరు పిలవాలనిపిస్తే నన్ను పిలువుండ్రి, పలుకుత. మా నాయినను మాత్రం ఆయన పేరుతోని పిలువుండ్రి.