నడిస్తేనే కనిపించే తీరం!

కారు దిగి నేరుగా నీళ్లలో కాలు పెడదామంటే కుదరదిక్కడ. ఇటలీలోని సార్డీనియా దీవిలో బౌనెయ్ ఊరి పైనున్న గోల్గో పీఠభూమి దగ్గర బండి ఆపేసి, మూడున్నర కిలోమీటర్లు కిందికి నడవాలి. దారంతా రాళ్లే. మధ్యలో గొర్రెల కాపరులు దుంగలతో కట్టుకున్న పాత గుడిసెలు. గంటకు పైగా దిగాక చెట్ల సందుల్లోంచి 143 మీటర్ల సున్నపురాయి శిఖరం సూదిలా కనిపిస్తుంది. దాని పాదాల దగ్గరే తెల్లటి గులకరాళ్లూ, అడుగు కనిపించేంత తేటగా ఉన్న నీళ్లూ... అదే కాలా గోలోరిట్సె.

ఇంతాచేసి దీని వయసెంతో తెలుసా? 1962లో కొండచరియ విరిగిపడితే పుట్టింది! ఊళ్లోని తాతయ్యలకన్నా చిన్నదన్నమాట. 2025లో ప్రపంచంలోని 50 మేటి బీచ్‌ల జాబితాలో మొదటి స్థానం దీనిదే. పేరొస్తే జనమూ వస్తారుగా! అందుకే వేసవిలో రోజుకు 250 మందినే, అదీ ముందుగా బుక్ చేసుకున్నవాళ్లనే అనుమతిస్తున్నారు. పడవలు ఒడ్డుకు రాకూడదు. గుర్తుగా ఉంటుందని ఓ గులకరాయి జేబులో వేసుకున్నారో... 2017 నాటి చట్టం ప్రకారం 500 నుంచి 3,000 యూరోల దాకా జరిమానా!

కింద దుకాణాలేం ఉండవు, మంచినీళ్లు మోసుకెళ్లాల్సిందే. వాటిలో సగం దాచుకోవడం మంచిది. దిగిన కొండంతా మళ్లీ ఎక్కాలిగా మరి!